కుండీ లేని మొక్క: నాచుబంతి, గూటీ, మట్టిగడ్డ

మొక్క వేళ్ల చుట్టూ జిగురుమట్టిని ఉండలా అదిమి, ఆ ఉండ మీద పచ్చి నాచు కప్పి, దారంతో చుట్టి, కుండీ లేకుండా పెంచే పద్ధతిని జపాన్‌లో కొకెదామ అంటారు. కొకె అంటే నాచు, తామ అంటే బంతి. రెండు మాటలూ కలిసినప్పుడు ‘త’ మెత్తబడి ‘ద’ అవుతుంది. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులయ్యే తెలుగువారికి ఈ మార్పు కొత్తేమీ కాదు. తయారైన బంతిని పళ్లెంలోనో పలక రాయి మీదో కూర్చోబెడతారు, లేదా దారంతో చూరుకు వేలాడదీస్తారు. చూసేవారికి నేలా కుండీ రెండూ కనబడవు. ఆకుపచ్చటి ముద్దలోంచి మొక్క ఒక్కటే పైకి లేచి ఉంటుంది.

నాచు అన్న మాట తెలుగులో రెండు వేర్వేరు జీవవర్గాలకు చెల్లుతోంది. చెరువు నీటి మీద తేలే పచ్చటి తెట్టూ నాచే, వానాకాలంలో బావి ఒరల మీద, పెరటి గోడల మీద మఖమల్‌లా పట్టేదీ నాచే. మెట్ల మీద పట్టి కాళ్లు జారేలా చేస్తే దాన్ని పాచి అంటారు. చెరువులో తేలేవి శైవలాలు. గోడకు పట్టేది వాటికన్నా ఒక మెట్టు పైనున్న బ్రయోఫైటా విభాగపు మొక్క. కొకెదామకు పనికొచ్చేది ఈ రెండోదే. దీనికి నిజమైన వేళ్లు ఉండవు. పట్టు కోసం సన్నటి నూగులాంటి పోగులు మాత్రం ఉంటాయి. నీటిని మోసే గొట్టాలు లేవు కాబట్టి ఒంటి మీద పడిన తేమను ఆకులతోనే తాగుతుంది. ఎండితే ముడుచుకుని గోధుమరంగుకు తిరుగుతుంది, తడి తగిలితే మళ్లీ విచ్చుకుంటుంది. మట్టి ఉండకు పైపూతగా నాచు ఇంత బాగా అమరడానికి కారణం ఇదే. లోపలి మొక్క వేళ్లతో అది పోటీ పడదు. మట్టిలోని తడి ఒక్కసారిగా ఆరిపోకుండా కాస్తుంది, వాన దెబ్బకు ఉండ కరిగిపోకుండా పట్టి ఉంచుతుంది.

నాచును కలుపుగా గీకి పారేసే దేశాలే ఎక్కువ. జపాన్‌లో దానికి తోటలో పెద్దపీట దక్కింది. క్యోటో నగరంలోని సైహోజి ఆలయం ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. ముసో సోసెకి అనే జెన్ గురువు 1339లో ఆ ఆలయాన్ని పునరుద్ధరించి తోటను తీర్చిదిద్దాడు. ఆయన వేసినప్పుడు అది నాచు తోట కాదు. తరవాతి శతాబ్దాల్లో ఆలయానికి రాబడి తగ్గి, తోట ఆలనాపాలనకు దూరమయ్యాక చెట్ల నీడలో, తడి నేల మీద నాచు దానంతటదే కమ్ముకుంది. ఈనాడు అక్కడ సుమారు 120 రకాల నాచులు ఉన్నాయని లెక్క. సందర్శకుల తాకిడికి నాచు దెబ్బతింటోందని 1977 నుంచి ముందుగా అనుమతి తీసుకున్నవారినే లోపలికి పంపుతున్నారు. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన క్యోటో కట్టడాల్లో ఇదీ ఒకటి. తోటమాలి వేయకుండా కాలం వేసిన నాచును పీకేయకుండా ఉంచుకోవడమే జపాన్ తోటపనిలో కనబడే ప్రత్యేక దృష్టి. ఆ దృష్టి లేకపోతే కొకెదామ పుట్టేది కాదు.

కొకెదామకు పెద్దక్క బోన్సాయ్. తెలుగులో దీన్ని వామనవృక్షం అంటున్నారు. ఆ కళ మూలం చైనాలో ఉంది. ట్యాంగ్ వంశపు యువరాజు జాంగ్‌హ్వాయ్ సమాధి గోడల మీద 706 నాటి చిత్రాల్లో చిన్న రాళ్లు, చిట్టి మొక్కలు అమర్చిన పళ్లేన్ని పట్టుకుని నిలబడ్డ పరిచారకులు కనిపిస్తారు. జపాన్‌లో 1309 నాటి ‘కసుగ గోంగెన్ గెన్కి’ చిత్రపటంలో తొట్టెలో పెంచిన మరుగుజ్జు చెట్టు ఉంది. బోన్సాయ్ ప్రదర్శనలో చెట్టు పక్కన ఒక చిన్న గడ్డి మొక్కనో పూల మొక్కనో తోడుగా పెట్టడం ఆచారం. పెద్ద చెట్టు ఏ ఋతువులో, ఏ నేలలో ఉన్నదో ఆ చిన్న మొక్క సూచిస్తుంది. ఈ తోడు మొక్కల పెంపకమే కుసమోనొ అనే వేరే శాఖగా పెరిగింది. ఏళ్ల తరబడి ఒకే చిన్న తొట్టెలో పెరిగిన గడ్డి మొక్క వేళ్లు అల్లుకుపోయి, తొట్టె తీసేసినా ఆకారం చెదరని ముద్దగా మారతాయి. ఆ ముద్దను బయటికి తీసి, పై మట్టి కడిగేసి, ఉన్నదున్నట్టు పళ్లెంలో పెడతారు. దీనికి నెఅరాయ్ అని పేరు, అంటే వేళ్లు కడగడం. కాలక్రమంలో ఆ వేళ్ల ముద్ద మీద నాచు పడుతుంది. నెఅరాయ్‌కు చాలా ఏళ్ల ఓపిక కావాలి. అన్నాళ్లు ఆగకుండా మట్టితో ముద్ద చేసి, నాచును ముందే కప్పితే వచ్చేది కొకెదామ.

మరో పాయ దీనికన్నా జనసామాన్యానికి దగ్గరైనది. ఎదో కాలపు నడిమి రోజుల నుంచీ ఇప్పటి టోక్యో ప్రాంతంలో త్సురిషినోబు అనే వేలాడే పచ్చదనం వాడుకలో ఉంది. షినోబు ఒక రకం ఫెర్న్. చెట్ల మానుల మీద, రాళ్ల మీద పాకుతుంది. దాని పాకుడు కాండం నూగుతో కప్పి ఉంటుంది. వెదురు పుల్లలతో బంతిలాగో, పడవలాగో, ఇల్లులాగో చట్రం కట్టి, దానికి నాచు పట్టించి, ఆ నాచు చుట్టూ షినోబు కాండాలను చుట్టి తీగతో బిగిస్తారు. వసంతంలో చిగుళ్లు వచ్చి, వేసవి నాటికి పచ్చటి ఆకుల గుత్తి తయారవుతుంది. ధనికుల ఇళ్లలో పనిచేసే తోటమాలులు వీటిని కట్టి, వేసవి కానుకగా యజమానులకు ఇచ్చేవారని చెబుతారు. తరవాత అవి వీధుల్లో అమ్మకానికి వచ్చాయి. చూరుకు వేలాడదీసి, కింద ఒక చిన్న గాలిగంట కట్టేవారు. నీళ్లు చల్లిన ఫెర్న్ ఆకుల మీదుగా గాలి వచ్చేది, గంట మోగేది. ఉక్కపోసే ఎండాకాలంలో అదే వారికి చల్లదనం. షినోబు అన్న మాటకు ఓర్చుకోవడం అనే అర్థం కూడా ఉంది. మట్టి లేకుండా బతకగలదు కాబట్టి ఆ పేరు సరిగ్గా అతికింది. టోక్యోలోని ఎదొగావా వార్డులో ఈ పని తెలిసిన కుటుంబ వృత్తి నేటికీ నిలిచి ఉంది. తెలుగు ఇళ్లలో పాలు, పెరుగు కుండలను పిల్లికి అందకుండా పెట్టే ఉట్టి తెలిసినవారికి దీని రూపం తేలిగ్గా తోస్తుంది. ఉట్టిలో కుండ స్థానంలో పచ్చటి ముద్ద ఉంటుంది, అంతే.

ఈ పాయలన్నీ పాతవే గానీ, ఇప్పుడు ప్రపంచమంతా కొకెదామ అని పిలుస్తున్న బంతి, ఆ పేరుతో, అంత పాతది కాదు. జపాన్‌లో అది ఇళ్లలోకి విరివిగా వచ్చింది 1990ల నుంచే. ఇరుకు ఇళ్లు, చిన్న బాల్కనీలు, బోన్సాయ్‌కి కావలసిన దశాబ్దాల తీరిక లేని జీవితాలు దానికి దారి వేశాయి. తరవాత ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఫెదోర్ వాన్ డెర్ వాల్క్ వీటిని వరసలుగా దారాలతో వేలాడదీసి ‘దారాల తోట’లుగా చూపడంతో యూరప్, అమెరికాల్లోనూ పేరు వచ్చింది. కొకెదామ ఐదారు వందల ఏళ్ల నాటి కళ అని అక్కడక్కడ రాస్తుంటారు. అది దాని పూర్వీకులకు వర్తించే మాట.

తయారీలో అసలు రహస్యం మట్టిలో ఉంది. జపాన్‌లో ఇందుకు కెతో అనే నల్లమట్టిని వాడతారు. నీటి ఒడ్డున పెరిగే రెల్లు జాతి మొక్కలు బురదలో పడి ఏళ్లకు ఏళ్లు కుళ్లగా ఏర్పడిన మట్టి అది. చేతికి వెన్నలా తగులుతుంది, జిగురుగా ఉంటుంది, తడిని బాగా నిలుపుతుంది. దీనికి తోడు అకదామ అనే ఎర్రటి గుళికల మట్టిని కలుపుతారు. అది కాంతో ప్రాంతంలో అగ్నిపర్వత బూడిద నుంచి ఏర్పడింది. గుళికల మధ్య గాలి ఆడుతుంది. ఏడు పాళ్లు కెతో, మూడు పాళ్లు అకదామ అన్నది తరచు వినిపించే కొలత. మొదటిది ముద్దను పట్టి ఉంచుతుంది, రెండోది వేళ్లకు ఊపిరినిస్తుంది. ఒకటి ఎక్కువైతే వేరు కుళ్లుతుంది, రెండోది ఎక్కువైతే ఉండ విచ్చిపోతుంది. మొక్కను తొట్టెలోంచి తీసి, పాత మట్టి కొంత రాల్చి, వేళ్ల చుట్టూ తడి నాచు పీచు చుట్టి, ఈ ముద్దను నారింజపండంత పరిమాణంలో అదుముతారు. పైన పచ్చి నాచు పలకలను అతికించి నూలుదారంతో అడ్డదిడ్డంగా చుడతారు. నాచు పట్టుకునేసరికి నూలు చివికిపోతుంది. నైలాన్ దారం వాడితే అది చివకదు గానీ, సన్నగా ఉంటే కంటికి ఆనదు.

జపాన్‌కూ కృష్ణా డెల్టాకూ మధ్య మొక్క బొమ్మల రాకపోకలు చాలా పాతవి. డచ్చివారు 1605లో మచిలీపట్నం రేవులో అడుగుపెట్టారు. 1609లో జపాన్‌లోని హిరాదోలో కొఠీ తెరిచారు. 1641 నుంచి నాగసాకి దగ్గర దెషిమా అనే చిన్న దీవికే పరిమితమై, రెండు వందల ఏళ్లకు పైగా ఆ దేశంతో వ్యాపారం చేసిన ఏకైక యూరప్ జాతిగా ఉండిపోయారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వారి ఓడల్లో జపాన్ చేరాయి. అక్కడ వాటిని సరస అన్నారు. తేనీటి వేడుకలో వాడే విలువైన పాత్రలకు సంచులుగా కుట్టుకున్నారు. 1778లో ‘సరస బెన్రాన్’ పేరుతో ఆ నమూనాల మీద ఒక పుస్తకమే వెలువడింది. ఈ తీరపు కలంకారీ తీగలూ పూలూ అలా జపాన్ ఇళ్లలోకి వెళ్లాయి. మచిలీపట్నం నుంచి విజయవాడ వెళ్లే రహదారి మీది గూడూరుకు పక్కనే ఉన్న పెడనలో ఆ అద్దకం పని నేటికీ సాగుతోంది. జపాన్ మొక్కల ముద్ద ఈ తీరానికి రావడానికి మాత్రం శతాబ్దాలు పట్టింది.

అయితే ముద్దలో మొక్కను పెంచే పని తెలుగు నేలకు కొత్త కాదు. చూడటానికి కాకుండా మొలిపించడానికి, తరలించడానికి ఇక్కడ ముద్దను కట్టారు. అందులో మొదటగా చెప్పవలసింది గూటీ. దీన్నే గాలి అంటు అంటారు. చైనాలో శతాబ్దాలుగా ఉన్న ఈ పద్ధతికి గూటీ అన్న పేరు బెంగాల్ తోటల నుంచి దేశమంతా వ్యాపించింది. ఏడాది వయసున్న, పెన్సిల్ లావు కొమ్మను ఎంచుకుని, దాని చుట్టూ అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా ఒలిచేస్తారు. లోపలి చెక్క మాత్రం అలాగే ఉంటుంది. వేళ్ల నుంచి నీరు ఆ చెక్కగుండా పైకి పోతూనే ఉంటుంది కాబట్టి కొమ్మ వాడదు. ఆకులు వండిన ఆహారం, వేరు పుట్టించే హార్మోను బెరడు ద్వారా కిందికి దిగుతూ ఆ గాయం దగ్గర ఆగిపోతాయి. అక్కడ పోగుపడ్డ బలంతో, చుట్టూ చీకటీ తడీ ఉంటే, కొమ్మకే వేళ్లు పుడతాయి. ఆ చీకటినీ తడినీ ఇచ్చేదే ముద్ద.

పాత రోజుల్లో ఈ ముద్దను బంకమట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపి చేసేవారు. పైన గోనెపట్టానో కొబ్బరిపీచునో చుట్టి తాడుతో కట్టేవారు. మట్టి ఆరిపోకుండా ఉండటానికి పైకొమ్మకు చిల్లు కుండ ఒకటి వేలాడదీసి, చిల్లులోంచి ఒక పేలికనో తాడునో ముద్ద దాకా దించేవారు. కుండలోని నీరు తాడు వెంట బొట్టుబొట్టుగా ముద్దలోకి ఇంకేది. 19వ శతాబ్దపు తోటపని పుస్తకాల్లో ఈ ఏర్పాటు వర్ణన ఉంది. శివలింగం మీది ధారాపాత్రను చూసినవారికి దాన్ని వేరే బొమ్మ గీసి చూపనక్కర్లేదు. తరవాత మట్టి స్థానంలో కొండ ప్రాంతాల నుంచి వచ్చే స్ఫాగ్నం నాచు చేరింది. దాని ఆకుల్లో చచ్చిన ఖాళీ కణాలు తిత్తుల్లా పనిచేసి, ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీటిని పట్టి ఉంచగలవు. ఇక 1940ల చివర అమెరికాలోని ఫ్లోరిడాలో లిచీ అంట్లకు పాలిథీన్ కాగితం చుట్టడం మొదలైంది. గాలి ఆడుతూనే తడి బయటికి పోకుండా ఉండటంతో నీటి కుండ అవసరం తీరిపోయింది. ఈనాడు ఆంధ్ర నర్సరీల్లో కనిపించే గూటీ ఇదే: కొమ్మ నడుమ తడి నాచుముద్ద, దాని మీద రెండు కొసలూ పురికొసతో బిగించిన పారదర్శకమైన కాగితం. తొలకరి నుంచి వానలు తగ్గేదాకా దీనికి అదను. ఒకటి రెండు నెలల్లో కాగితం వెనక తెల్లటి వేళ్లు తిరగాడటం బయటికే కనిపిస్తుంది. అప్పుడు ముద్ద కింద కోసి, కాగితం విప్పి, నాచు కదలకుండానే నీడలో నాటుతారు. జామ, దానిమ్మ, నిమ్మ, క్రోటన్లు ఈ దారిలోనే ఎక్కువగా పెరుగుతాయి. కొకెదామ బంతిని చేత్తో పట్టుకున్న నర్సరీ పనివాడు దాన్ని గూటీ అనే అనుకుంటాడు, అది పొరపాటు కూడా కాదు. నాచు, దారం, లోపల పెరిగే వేళ్లు రెండిటిలోనూ ఒకటే. గూటీకి తల్లి చెట్టు ఉంది, కొకెదామకు లేదు.

రెండోది మట్టిగడ్డ. పెరిగిన మొక్కను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చాలంటే వేళ్ల చుట్టూ ఉన్న మట్టి కదలకూడదు. మట్టి రాలితే దానితో పాటు నీటిని పీల్చే సన్నటి వేరుపోగులన్నీ తెగిపోతాయి. పాలిథీన్ సంచులు రాకముందు మామిడి అంట్లను చిన్న మట్టిపిడతల్లోనో, వరిగడ్డి పరిచి మట్టితో సహా కట్టిన ముద్దల్లోనో పంపేవారు. గడ్డిని విసనకర్రలా పరిచి, మధ్యలో గడ్డను నిలిపి, కొసలు పైకి మడిచి, వెంటితో బిగిస్తే కదలని మూట తయారయ్యేది. రసాలకు పేరైన నూజివీడు మామిడి ప్రాంతం ఈ డెల్టాకు ఎగువనే ఉంది. టెంక నుంచి మొలిచిన మామిడికి తల్లి చెట్టు గుణం అలాగే రాదు. మంచి చెట్టు గుణం కావాలంటే అంటు ఒక్కటే దిక్కు. అంటు కట్టాలంటే చిన్న మొక్కను దాని ముద్దతో సహా ఎత్తి, పెద్ద చెట్టు కొమ్మ దగ్గరికి చేర్చి, రెండిటినీ చెక్కి ఒరిపించి కట్టాలి. పందిళ్ల మీద వరసగా నిలబెట్టిన ముద్దలు, వాటిలోని మొక్కలు పై కొమ్మలకు కట్టి ఉండటం ఆ కాలపు అంటు తోటల్లో మామూలు దృశ్యం.

గడ్డ నిలవాలంటే నేలలో జిగురుండాలి. ఇక్కడ డెల్టా నేలకూ తీరపు ఇసుకకూ తేడా తెలుస్తుంది. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరందిన గుడివాడ, పామర్రు, గూడూరు ప్రాంతపు నల్లటి ఒండ్రుమట్టిలో పలుగుతో చుట్టూ తవ్వితే గడ్డ చెక్కుచెదరకుండా లేస్తుంది. ఇంకాస్త తూర్పుకు, సముద్రపు గట్టున, ఇసుకలో అది కుదరదు. మడిలో వేసి పెంచిన సరుగుడు నారును అందుకే గడ్డతో కాకుండా ఉత్త వేళ్లతో పీకి, కట్టలు కట్టి తీసుకుపోతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరవాత గాలికి అడ్డుగా తీరం వెంట సరుగుడు తోపులు పెంచడం ముమ్మరమైంది. వరినారుదీ ఇదే తీరు. నారుమడిలో పీకిన నారును నీళ్లలో జాడించి, మట్టి పోగొట్టి కట్ట కడతారు. జపాన్‌వారి నెఅరాయ్ మాటకు అర్థం చెప్పమంటే డెల్టా రైతుకు మొదట తోచేది ఈ నారు జాడింపే. ఒకటి చూడటానికి, ఒకటి నాటడానికి.

ముద్దకట్టే పనిని ఊరంతటికీ వృత్తిగా మార్చింది గోదావరి ఒడ్డు కడియం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువ నీరు, నది వదిలిన లంక మట్టి, పక్కనే రాజమహేంద్రవరం, ఎదురుగా జాతీయ రహదారి ఈ వ్యాపారానికి కలిసొచ్చాయి. పూలసాగుతో మొదలైన కడియపులంక, కడియం, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక వంటి ఊళ్లు 20వ శతాబ్దం రెండో సగంలో క్రమంగా మొక్కల ఊళ్లయ్యాయి. ఆ తొలి తరంలో శ్రీ సత్యనారాయణ నర్సరీని పెంచిన పల్ల వెంకన్న పేరు ముందుగా వినిపిస్తుంది. ఇప్పుడు అక్కడ వేల ఎకరాల్లో నర్సరీలు ఉన్నాయి. దేశంలో ఏ మూలకైనా లారీల మీద మొక్కలు వెళతాయి. ఈ వ్యాపారం నిజానికి మట్టి వ్యాపారం కూడా. ప్రతి మొక్కతో పాటు దోసెడో తట్టెడో లంక మట్టి ఊరు దాటిపోతుంది. ఆ మట్టి తిరిగి రాదు కాబట్టి దాని స్థానంలో ఏం వేయాలన్నది నర్సరీలకు ఎప్పుడూ ఉన్న చిక్కే.

అక్కడి పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతుల్లో ఉంది. సంచులు నింపడం, కొమ్మముక్కలు గుచ్చడం, గూటీలు కట్టడం, పాత సంచిలోంచి పెద్ద సంచిలోకి మార్చడం వారి పని. అరచేతిలో మట్టిని పిడికిలించి వదిలితే ముద్ద నిలుస్తోందా, విచ్చుకుంటోందా చూసి తడి తెలుసుకుంటారు. ఇది పుస్తకాల్లో కొలతలుగా రాయడానికి కుదరని విద్య. కొకెదామ నేర్పే గురువు శిష్యులకు మొట్టమొదట నేర్పేదీ ఈ పిడికిలి పరీక్షే. పెద్ద చెట్ల తరలింపు మగవాళ్ల పని. మాను అడ్డుకొలతకు సుమారు పదింతల వెడల్పున గుండ్రంగా గాడి తవ్వి, బయటి వేళ్లు కోసి, కొన్ని వారాలు ఆగుతారు. కోసిన చోట కొత్త వేరుపోగులు వచ్చాక అడుగు కోసి, గోనెపట్టా చుట్టి, తాళ్లు జల్లెడలా బిగించి క్రేన్‌తో ఎత్తుతారు. లారీ మీద అలా కూర్చున్న టన్నుల బరువు మట్టి ఉండ, నాచు లేని మహా కొకెదామ.

పాలిథీన్ సంచి వచ్చాక చిన్న మొక్కలకు గడ్డి మూటలు కట్టే పని దాదాపు పోయింది. నర్సరీ భాషలో దాన్ని కవరు అంటారు. ధర తక్కువ, బరువు తక్కువ, నీరు నిలుస్తుంది. దానితో వచ్చిన నష్టం వేళ్లకు. నున్నటి గోడ తగిలిన వేరు పక్కకు తిరిగి సంచి లోపలే చుట్టలు చుట్టుకుంటుంది. అలాంటి మొక్కను నేలలో పెట్టినా వేరు ఆ చుట్టలోంచి బయటపడటానికి ఏళ్లు పడుతుంది, కొన్నిసార్లు అసలు పడదు. గడ్డిమూటకూ నాచుబంతికీ ఈ లోపం లేదు. అంచు దాకా వచ్చిన వేరుకొన గాలి తగిలి ఎండి ఆగిపోతుంది. వెనక నుంచి కొత్త పాయలు వస్తాయి. సంచి అందరికీ అందుబాటులోకి తెచ్చిన మేలు పెద్దదే, అయినా వేరు విషయంలో పాతవారి గడ్డిమూటే తెలివైనది.

జపాన్ కెతోకు ఇక్కడ దొరికే జవాబు కొబ్బరి. రెల్లు కుళ్లి కెతో అయినట్టే కొల్లేటిలో, డెల్టా మురుగుకాలువల్లో జమ్ము, తుంగ విపరీతంగా పెరిగి కుళ్లుతాయి. కానీ ఇక్కడి వేడికి ఆ కుళ్లు త్వరగా అరిగిపోతుంది, చల్లని దేశాల్లో మాదిరి పొరలుగా నిలవదు. కోనసీమ, దివిసీమల్లో మాత్రం కొబ్బరి డొక్కకు కొదవలేదు. పీచు తీశాక మిగిలే గోధుమరంగు పొట్టును ఒకప్పుడు పీచు మిల్లుల వెనక గుట్టలుగా వదిలేసేవారు. అది తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీటిని పట్టుకుంటుందని తెలిశాక అదే కోకోపీట్ పేరుతో ఇటుకలుగా అచ్చువేసి అమ్ముడుపోతోంది. డొక్కలోని ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడగడం అందులో తప్పనిసరి. చెరువు అడుగు బంకమట్టి, కడిగిన కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు, కాస్త ముతక ఇసుక కలిపితే ఉండకు నిలిచే మట్టి వస్తుంది. పైన నాచుకు బదులు కొబ్బరిపీచు పొరను కప్పి, పీచు తాడుతోనే చుట్టిన బంతులను ఇప్పుడు నర్సరీలలో, పట్టణాల మొక్కల దుకాణాల్లో అమ్ముతున్నారు. వాటిని నాచు దొరకనప్పటి సర్దుబాటుగా చూడటం సరికాదు. ఈ వాతావరణంలో అదే సరైన రూపం. నాచు కోసం హిమాలయాల అడవులనో, కనుమల అడవులనో గీకడం మంచి పని కాదు. అక్కడ అది అరచేతి మేర పట్టడానికే ఏళ్లు పడుతుంది.

జపాన్ నుంచి తెలుగునాట దిగిన ఇంకో ముద్ద ఉంది. ప్రకృతి సేద్యానికి పేరుపడ్డ మసనోబు ఫుకువోకా విత్తనాలను బంకమట్టిలో ఉండ చేసి చల్లేవాడు. వాటిని ఆయన మట్టి ఉండ్రాళ్లు అనే అర్థం వచ్చే జపాన్ మాటతో పిలిచాడు. ఆయన పుస్తకం ‘గడ్డిపరకతో విప్లవం’గా తెలుగులోకి వచ్చి చాలామంది రైతులను కదిలించింది. తెలంగాణలో వీటిని విత్తన బంతులు అంటున్నారు. 2020, 2021 సంవత్సరాల్లో మహబూబ్‌నగర్ జిల్లా మహిళా సంఘాలు ఏటా కోటికి పైగా విత్తన బంతులు చేసి గుట్టల మీద చల్లాయి. కొకెదామలో ముద్ద మొక్కను ఇంట్లో నిలుపుతుంది, ఇక్కడ ముద్ద విత్తనాన్ని చీమల నుంచీ పిట్టల నుంచీ కాచి, వాన పడ్డ రోజున కరిగిపోతుంది.

మట్టి లేకుండా మొక్కను వేలాడదీయడం కూడా తెలుగు గుమ్మాలకు పాత అలవాటే. దిష్టి తగలకుండా ద్వారబంధం పైన కలబంద మొక్కను వేళ్లు పైకి, ఆకులు కిందికి ఉండేలా కడతారు. నెలల తరబడి నీరు పోయకపోయినా అది చావదు, కొత్త ఆకులు వంపు తిరిగి మళ్లీ పైకి లేస్తాయి. దళసరి ఆకుల్లో దాచుకున్న నీటితో, పగలు పత్రరంధ్రాలు మూసి రాత్రి తెరిచే గుణంతో అది బతుకుతుంది. త్సురిషినోబు లాగే ఇదీ ఓర్చుకునే మొక్క. అక్కడ చల్లదనం కోసం, ఇక్కడ ఇంటి క్షేమం కోసం చూరెక్కింది.

కొకెదామను మచిలీపట్నం, గూడూరు ప్రాంతాల్లో పెంచేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందులు రెండు. మొదటిది ఎండ. క్యోటోలో ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్ల వాన, అదీ చాలా నెలల్లో పరుచుకుని పడుతుంది. ఇక్కడ వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూ పడి, అందులో అధికభాగం జూన్ నుంచి నవంబరు లోపే అయిపోతుంది. సముద్రపు గాలిలో తేమ ఉన్నా ఏప్రిల్, మే నెలల పడమటి గాడ్పులకు చిన్న బంతి ఒక్క పూటలో ఎండుతుంది. రెండోది ఉప్పు. తీరానికి దగ్గరగా చాలా ఊళ్లలో బోరునీరు ఉప్పగా ఉంటుంది. నాచు ఒంటితో నీరు తాగే మొక్క కాబట్టి ఆ ఉప్పు దాని మీదే పేరుకుని, కొసలు తెల్లబడి మాడుతుంది. కాలువ నీరో, పట్టి ఉంచిన వాననీరో వాడినవారికే నాచు దక్కుతుంది. మొక్కల ఎంపిక కూడా దీన్ని బట్టే ఉంటుంది. జపాన్ మేపుల్, దేవదారు ఇక్కడ నిలవవు. నీడలో పెరిగే ఫెర్న్‌లు, మనీప్లాంట్, సింగోనియం, స్పైడర్ ప్లాంట్, పీస్ లిలీ ఇబ్బంది పెట్టవు.

నీరు పెట్టే తీరు రెండు దేశాల్లోనూ ఒకటే. బంతిని చేత్తో ఎత్తి బరువు చూస్తారు. తేలికైతే బకెట్ నీళ్లలో ముంచుతారు. లోపలి గాలి బుడగలుగా పైకి వస్తుంది. బుడగలు ఆగాక తీసి, మెల్లగా ఒత్తి, నీరు ఓడిపోయాక యథాస్థానంలో పెడతారు. మామూలు రోజుల్లో రెండు మూడు రోజులకొకసారి, గాడ్పుల రోజుల్లో రోజూ ఈ పని చేయాలి. రెండు మూడేళ్లకు బంతి వేళ్లతో నిండిపోతుంది, పైనున్న దారం కనబడకుండా పోతుంది, నాచును చీల్చుకుని తెల్లటి వేరుకొనలు బయటికి వస్తాయి. అప్పుడు పాత నాచు ఒలిచి, వేళ్లు కత్తిరించి, కొత్త మట్టితో మళ్లీ ఉండ కట్టవచ్చు. అది ఇష్టం లేకపోతే పెరట్లో నీడపట్టున గొయ్యి తీసి, దారం ఒక్కటి కోసేసి, ముద్దను ముద్దగానే అందులో దించి మట్టి కప్పుతారు.